దీపం నీళ్ల గొట్టం

కిందటి వారం శ్రీలేఖను వాగు గట్టున, చేతిలో రెండు కాగితాలతో వదిలి వచ్చాం. రెండూ డర్బన్ లేబరేటరీ నుంచి వచ్చినవే. మురుగును శుభ్రం చేసే రెల్లు మడుల నుంచి బయటికి పారే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని మొదటిది చెబుతోంది. అక్కడికి రెండు వందల గజాల దిగువన, అదే వాగులో ముంచిన సీసాలో మనుషుల మలం ఉందని రెండోది చెబుతోంది. ఆ రెండు చోట్ల మధ్య వాగులో వచ్చి కలిసే కాలవ ఒక్కటీ లేదు. కనీసం శ్రీలేఖ దగ్గరున్న ప్లానులో లేదు.

దిగువ ఊళ్లో ఉండే మాఖుమలో అనే జూలూ ముసలావిడ మనవరాలు నొమ్‌సా టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో పడి ఆరు రోజులైంది. పిల్లకు ఆరేళ్లు. మొదటిసారి తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అందరూ ఒకే వరసలో నిలబడి ఓట్లు వేసిన ఏడాది ఆ ఊరికి కొళాయిలు వస్తాయన్నారు. మూడేళ్లు గడిచాయి. కొళాయి రాలేదు, వాళ్లింకా వాగు నీళ్లే తాగుతున్నారు.

ఎగువన ఉన్నది ఓల్డ్‌మిల్. డర్బన్ శివారు ఫీనిక్స్ దాటాక, చెరకు తోటల మధ్య, మూతపడిన చక్కెర మిల్లు చుట్టూ, చెరకు నరకడానికి వచ్చిన తెలుగువాళ్ల మనవల అరవై రెండు ఇళ్లు. డర్బన్ మురుగు గొట్టాలు అంత దూరం రావు. అందుకే రెండేళ్ల కిందట ఒక సంస్థ తరఫున ఈ పని మీద ఇక్కడికి వచ్చింది రాజమండ్రి ఇంజనీరు శ్రీలేఖ. ఇళ్ల మురుగు ముందు పెద్ద తొట్లలో తేరుకుంటుంది. తేరిన నీరు అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి కంకర నింపిన మూడు మడుల్లోకి వెళ్తుంది. కంకరలో రెల్లు పెరుగుతుంది. నీరు పైకి కనపడదు, వాసన రాదు. రెల్లు వేళ్ల మధ్య మూడు రోజులు నెమ్మదిగా నడిచి, అవతలి గట్టున తేటగా బయటపడుతుంది. ఈ మార్చి నాటికి రెల్లు మనిషెత్తు దాటింది. చలికాలంలో మొదటి కోత దిగువ ఊరి ఆడవాళ్లదేనని, చాపలు అల్లుకోవచ్చని శ్రీలేఖ మాటిచ్చింది.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండుకి మడుల దగ్గర మీటింగు. కౌన్సిల్ నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. దిగువ ఊరంతా వస్తుంది. కోత కొడవళ్లు చలికాలం దాకా ఆగవని, ఇవాళే తెస్తున్నారని, రెల్లు వేళ్లతో సహా పెకలించి పోతారని కబురు. కమిటీ ఛైర్మన్ అంబీ దగ్గర ఇంకో మందు ఉంది. తప్పంతా టీరూమ్ అని పిలిచే తన టీకొట్టు వెనక గదుల్లో అద్దెకుంటున్న జూలూ కుటుంబాలదనీ, వాళ్లు పొదల్లో కూర్చుంటారనీ, ఇవాళ సాయంత్రానికి అందరినీ ఖాళీ చేయిస్తే గొడవ తీరుతుందనీ అతను తీర్మానం రాసి పెట్టుకున్నాడు.

అంటే, అయిదు గంటల్లో శ్రీలేఖ నిజం కనుక్కోకపోతే పద్నాలుగు కుటుంబాలు రోడ్డున పడతాయి. లేదా మడులు పోతాయి. రెండూ జరిగినా ఆశ్చర్యం లేదు.

ఆమె దగ్గరున్న ఆధారం ఒక్క అంకె. ఓల్డ్‌మిల్‌లోకి మంచినీళ్లు వచ్చే పెద్ద మీటరు రోజుకు ముప్ఫై వేల లీటర్లు చూపిస్తోంది. మడుల్లోకి వచ్చే మురుగు ఇరవై వేలు. వీధి చెట్లకూ కార్లకూ పోసింది రెండు వేలనుకున్నా, ఎనిమిది వేల లీటర్లు ఎక్కడికి పోతున్నట్టు?

ఆ ప్రశ్న అడగడానికి పొద్దున్న ఏడింటికే కిష్టసామి ఇంటికి వెళ్లింది. గొట్టాలన్నీ వేసిన ప్లంబరు అతనే. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మట్టిలో చెయ్యి పెట్టి వాలు చెప్పగలడు. ఈ దేశంలో శ్రీలేఖ కళ్లు మూసుకుని నమ్మిన మనిషి ఎవరంటే కిష్టసామే.

వెనక వాకిట్లో అతని అక్క మ్యూరియెల్ కనిపించింది. డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్లు పని చెయ్యవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఇత్తడి దీపం పెట్టుకుని చింతపండుతో తోముతోంది.

"రా బిడ్డా, కూచో," అంది. "కిష్టా లోపల గెడ్డం గీసుకుంటన్నాడు. మీటింగు గదా. పెళ్లికొడుకు అయినాడు."

"రోజూ తోముతారా మామ్మా?"

"ఫ్రైడే మాత్రం. మా అమ్మ ఫ్రైడే చేసినాది, నేను ఫ్రైడే చేస్తా. నా కోడలు వాషింగ్ మెషీన్‌లో వేస్తాది, నేను పోయినాక."

శ్రీలేఖకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటిసారి.

మ్యూరియెల్ దీపాన్ని మూడుసార్లు కడిగింది. పసుపు కలిసిన ఆ నీళ్లు ఒక చెంబులో పట్టింది. కుర్చీలోంచి వంగి, గోడ వారన ఉన్న చిన్న ఇత్తడి మూత పక్కకు జరిపి, ఆ కన్నంలో నెమ్మదిగా పోసింది. పెదాలు కదుపుతూ ఏదో అనుకుంది. మూత మళ్లీ పెట్టేసింది.

శ్రీలేఖ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ప్లాను ప్రకారం ప్రతి వాకిట్లోనూ నీళ్లు పోయే కన్నం ఒక్కటే ఉండాలి. ఆ ఒక్కటీ కొళాయి కింద ఉంది. ఈ రెండోది ఎక్కడిది?

లేచి వెళ్లి మూత తీసింది. కొళాయి దగ్గర బక్కెట్ నింపి తెచ్చి ఒక్కసారిగా గుమ్మరించింది. మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించి విన్నది. నీళ్లు గలగలమంటూ పోతున్నాయి. మడులు తూర్పున ఉన్నాయి. చప్పుడు పడమటికి, పల్లానికి, వాగు వైపు పోతోంది.

"బిడ్డా," అంది మ్యూరియెల్, "అందులో బక్కెట్ నీళ్లు పొయ్యగూడదు. అది దీపానిది."

వెనక తలుపు దగ్గర చెప్పుల చప్పుడయింది. కిష్టసామి చెంపకు సగం నురగతో నిలబడి ఉన్నాడు. చేతిలో రేజరు. శ్రీలేఖ నేల మీద మోకాళ్లూని ఉండటం, ఇత్తడి మూత ఆమె చేతిలో ఉండటం చూశాడు. మెడలో తువ్వాలు తీసి, నురగ తుడుచుకుని, మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎన్ని ఇళ్లకి తాతా?" అంది శ్రీలేఖ.

"ఇరవై మూడు."

"ఎప్పుడు?"

"నువ్వు సంతకాలు అడిగినావే, అప్పుడు."

ఆమెకు గుర్తొచ్చింది. గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? కిందటి చలికాలం, హాల్లో మీటింగు. ప్రతి ఇల్లూ ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది. ఇరవై మూడు ఇళ్ల ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఇక్కడి వాకిళ్లన్నీ మిల్లు కాలం నాటి సిమెంటు వాకిళ్లు. మొక్క నాటడానికి జానెడు మట్టి లేదు. దీపం కడిగిన నీళ్లు, కలశం నీళ్లు పాత కాలవలో పోస్తే వాగులో కలిసేవి. కొత్త పద్ధతిలో అన్నీ ఒకే గొట్టంలోకి పోతాయి, మరుగుదొడ్డి నీళ్లతో కలిసి. అది కుదరదన్నారు. అప్పుడు శ్రీలేఖ మైకు పట్టుకుని, కాస్త విసుగ్గా, "నీళ్లు నీళ్లేనమ్మా, గొట్టానికి తెలియదు" అంది. మర్నాడు కిష్టసామి వచ్చి, "నాకు ఒదిలిపెట్టు బిడ్డా, నేను మాట్లాడతా" అన్నాడు. వారం తిరిగేసరికి ఇరవై మూడు సంతకాలూ వచ్చాయి. ఆ వారం ఆమె ఎంత గర్వపడిందో ఆమెకే తెలుసు.

ఎలా ఒప్పించావు తాతా అని ఒక్కసారైనా అడగలేదు.

రాజమండ్రిలో వాళ్లమ్మ కూడా దీపం కడిగిన నీళ్లు తులసి మొదట్లోనే పోస్తుంది. అదీ గుర్తుకు రాలేదు.

"మిగిలిపోయిన పెద్ద గొట్టాలే వేసినా," అన్నాడు కిష్టసామి. "నాలుగంగుళాలవి. చిన్నవి దొరకలే. వాగు కాడ అడివి అరటి పొద ఉంది గదా, ఆడ మూతి పెట్టినా. రాయి పెట్టి పసుపు రాసినా, ఎవురూ తొక్కగూడదని."

ఆ రాయి ఆమెకు తెలుసు. పసుపు, బంతిపూలు, కర్పూరం మసి. గంగమ్మకు మొక్కుకునే చోటు కాబోలనుకుంది. సీసాలు పట్టుకుని వాగు వెంట తిరిగినప్పుడల్లా, చెప్పులతో అటు పోకూడదని చుట్టూ తిరిగి వెళ్లింది. పదకొండుసార్లు వెళ్లింది, పదకొండుసార్లూ తప్పుకుంది. ఇంకే మనిషయినా ఆ పొదలోకి తొంగి చూసేవాడు. తెలుగింటి పిల్ల కాబట్టి చూడలేదు.

"దీపం నీళ్లు చెంబెడు తాతా," అంది శ్రీలేఖ. "ఇరవై మూడు ఇళ్లూ కలిపినా రెండు బక్కెట్లు. నాకు రోజుకు ఎనిమిది వేల లీటర్లు కనిపించడం లేదు. ఆ గొట్టంలో ఇంకేదో పోతోంది."

"ఏం పోతాది? ఊళ్లో ఆ గొట్టం సంగతి నాకు, ఆడోళ్లకి తప్ప ఎవురికీ తెలదు."

"పూలు పెట్టడానికి పోయినోళ్లు చెప్పినారు," అంది మ్యూరియెల్ మెల్లగా. ఇద్దరూ అటు తిరిగారు. "జనవరి నుంచి ఆడ కంపు అన్నారు. వాగు కంపు అనుకున్నాం."

పక్కింట్లో రేడియో వాతావరణం చెబుతోంది. మ్యూరియెల్ ఒళ్లో దీపాన్ని తువ్వాలుతో తుడుస్తూనే ఉంది, తడి ఎప్పుడో ఆరిపోయినా.

"ఆ పిల్ల," అంది చివరకు. "ఆ పిల్ల నా దీపం నీళ్లు తాగినాదా?"

"మీ దీపం నీళ్లు కాదు మామ్మా."

"నా గొట్టం నీళ్లు."

మ్యూరియెల్‌కూ మాఖుమలోకూ మధ్య ఉన్న సంగతి ఓల్డ్‌మిల్‌లో అందరికీ తెలుసు. ఎనభై అయిదు అల్లర్లలో, పక్క ఊరు ఇనాండాలో ఇండియన్ల ఇళ్లు తగలబడిన రోజు, మ్యూరియెల్ కుటుంబం కట్టుబట్టలతో పారిపోయి వచ్చింది. దీపం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఏడు నెలల తర్వాత ఒక జూలూ స్త్రీ ఎండలో నడుచుకుంటూ ఓల్డ్‌మిల్‌కి వచ్చి, రెల్లు చాపలో చుట్టిన మూట ఒకటి ఈ మెట్టు మీదే పెట్టింది. ఏడు నెలలూ ఆ దీపాన్ని తన మంచం కింద దాచింది. ఆ స్త్రీయే మాఖుమలో.

"నేను దాచలే బిడ్డా," అన్నాడు కిష్టసామి ఉన్నట్టుండి. "నీకు తెలుసనుకున్నా. నేను గీసి..."

వీధిలోంచి మైకు మోత వచ్చి పడింది. అంబీ వ్యాను. 'పన్నెండు గంటలకు, మడుల దగ్గర, ప్రతి ఇంటి నుంచి ఒకరు తప్పకుండా' అని ఇంగ్లీషులో ఒకసారి, జూలూలో ఒకసారి అరుచుకుంటూ నెమ్మదిగా మలుపు తిరిగింది. ఆ మోత అణిగేసరికి శ్రీలేఖ లేచి నిలబడి ఉంది. వ్యాను వెళ్లిన దిక్కుకే చూస్తోంది.

"ఆ గొట్టం టీరూమ్ వెనక నుంచి పోతుందా తాతా?"

కిష్టసామి తలెత్తాడు. అర్థం కావడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది.

"గోడ పక్కనించే," అన్నాడు.

డిసెంబర్లో అంబీ ఆమె దగ్గరికి వచ్చాడు. టీరూమ్ వెనక పద్నాలుగు గదులు కట్టాను, మురుగు గొట్టానికి కలపండి అన్నాడు. మడులు అరవై రెండు ఇళ్లకే సరిపోతాయి, ఇంకో మడి కట్టేదాకా కుదరదంది. అతను నవ్వి, సరే మేడమ్, అన్నాడు. జనవరిలో గదుల నిండా మనుషులు దిగారు. ఫీనిక్స్ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లు. పద్నాలుగు కుటుంబాల స్నానాలు, బట్టలు, మరుగుదొడ్లు. లెక్క ఎనిమిది వేల దగ్గరికి ఇట్టే వస్తుంది.

ఇప్పుడు వాళ్లని ఇవాళ సాయంత్రమే ఎందుకు పంపించేస్తానంటున్నాడో కూడా తెలిసింది. మనుషులు పోతే నీళ్లు ఆగుతాయి. నీళ్లు ఆగితే కంపు ఆగుతుంది. వాగు శుభ్రపడుతుంది. చూశారా, వాళ్ల వల్లే, అని ఊరంతా అంటుంది. ఇక ఆ గొట్టం సంగతి ఎవరికీ అక్కర్లేదు.

కానీ ఇది ఆమె ఊహ. ఊహను ఇన్‌స్పెక్టరు ముందు పెట్టడానికి లేదు.

"టీరూమ్ దగ్గర్నుంచి మూతి దాకా నీళ్లకి ఎంత సేపు పడుతుంది?"

"అరగంట," అన్నాడు కిష్టసామి.

కారులో గొట్టాలు పరీక్షించే రంగు డబ్బా ఉంది. చిటికెడు వేస్తే తొట్టెడు నీళ్లు పచ్చగా మెరుస్తాయి. దాన్ని చేతిసంచిలో పెట్టుకుంది. ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి నొమ్‌సా ఎలా ఉందో కనుక్కుంది. జ్వరం దిగలేదన్నారు. తర్వాత వాగు దగ్గరికి వెళ్లి, పసుపు రాయి పక్కన పొదలు తప్పించి చూసింది. చూడనక్కర్లేకపోయింది. మూతి రెండడుగుల దూరంలో ఉండగానే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది.

పదకొండున్నరకు టీరూమ్‌లో ఉంది.

అంబీ ఇస్త్రీ చొక్కాలో, కౌంటరు వెనక, బ్రెడ్డు ముక్కలు కోస్తున్నాడు. యాభై ఏళ్లుంటాయి. ఎవరితోనైనా మెత్తగా మాట్లాడతాడు, అదీ ఇంగ్లీషులోనే. అతని వెనక గోడకి కమిటీ ఇనుప బీరువా ఉంది. మీటింగు మినిట్స్, రశీదులు, ప్లాన్లు అన్నీ అందులోనే.

"మేడమ్, టీ తాగండి. ఇవాళ మీకు కష్టమైన రోజు."

"మీకు కాదా?"

"నాకేముంది? నా అద్దె మనుషుల్నే పంపేస్తున్నాను. ఊరి కోసం ఇంతకంటే ఎవరు చేస్తారు చెప్పండి? మా తాత ఇక్కడ చెరకు నరికాడు. మీరు విమానంలో వచ్చారు, విమానంలో పోతారు. మేము వాళ్లతో ఇక్కడే బతకాలి."

"వాళ్లతో బతకడానికి వాళ్లని వెళ్లగొడతారా?"

అతను బ్రెడ్డు కొయ్యడం ఆపలేదు. "ఇండియాలో చాలా బాగా మాట్లాడడం నేర్పుతారు," అన్నాడు.

శ్రీలేఖ పక్క తలుపులోంచి వెనక వాకిట్లోకి నడిచింది. రెండు వరసల గదులు, మధ్యలో తీగల మీద ఆరేసిన బట్టలు. ఒక నడివయసు జూలూ స్త్రీ దుప్పటిలో గిన్నెలు మూట కడుతోంది. గోడ వారన రెండు మరుగుదొడ్లు, తలుపులకు కొత్త నీలం రంగు.

"ఒకసారి వాడుకోవచ్చా?" అని శ్రీలేఖ ఇంగ్లీషులో అడిగింది.

ఆమె తల తిప్పకుండానే, "వాడుకో సిస్టర్. సాయంత్రం దాకా మాదే," అంది.

శ్రీలేఖ తలుపు వేసుకుంది. సగం డబ్బా ఒంపి, నీళ్లు వదిలింది. తొట్టి నిండేదాకా ఆగి మళ్లీ వదిలింది. ఇంకోసారి వదిలింది. బయటికి వచ్చి, మళ్లీ టీరూమ్‌లోంచే నడవాల్సి వచ్చింది.

అంబీ కౌంటరు మీదుగా ఒక కాగితపు రుమాలు చాపాడు.

"చేతికి రంగు అంటింది మేడమ్," అన్నాడు.

ఆమె చూసుకుంది. బొటనవేలి నుంచి మణికట్టు దాకా పచ్చగా ఉంది. రుమాలు తీసుకుంది. ఆమె గుమ్మం దాటుతుండగా, వెనక ఇనుప బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

మడుల దగ్గరికి వచ్చేసరికి జనం రెండు ముక్కలుగా నిలబడి ఉన్నారు. ఇటు ఓల్డ్‌మిల్, అటు దిగువ ఊరు. మధ్యలో గాలికి ఊగుతున్న రెల్లు. ఆ ఊరి ఆడవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. ప్రతి చేతిలోనూ కొడవలి. అందరికంటే ముందు మాఖుమలో. పొడుగాటి మనిషి, మెడకు నల్ల గుడ్డ. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చంకలో ఇంకా పిల్ల స్వెట్టరు ఉంది.

శ్రీలేఖ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లింది. "తీర్మానాలకు ముందు మీరందరూ నాతో వాగు దాకా రావాలి. పది నిమిషాలు చాలు."

"ప్రోగ్రాంలో అది లేదు," అని అంబీ గొంతు వినిపించింది. అతను అప్పుడే వచ్చాడు. చంకలో పొడుగాటి అట్టగొట్టం ఒకటి.

"నేను పోతా," అని జూలూలో అంది మాఖుమలో. ఆమె కదిలింది. ఆమె కదిలితే ఇంకెవరు ఆగుతారు?

అడివి అరటి పొద చుట్టూ జనం మూగారు. కిష్టసామి ముందుకు వచ్చి, చెప్పులు విడిచి, పసుపు రాయిని రెండు చేతులతో పక్కకు దొర్లించాడు. కొమ్మలు విరిచి తప్పించాడు. గొట్టం మూతి బయటపడింది. బూడిదరంగు నీళ్లు ధారగా వాగులోకి పడుతున్నాయి. ముందు వరస వాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఓల్డ్‌మిల్ ఆడవాళ్లలో కొందరు తలలు దించుకున్నారు.

పన్నెండయింది. పన్నెండూ అయిదు. ధార బూడిదరంగుగానే ఉంది. అంబీ గడియారం చూసుకుని చిరునవ్వు నవ్వాడు. శ్రీలేఖ లెక్క తప్పయితే? అతని గదులు సరైన గొట్టానికే కలిసి ఉంటే?

పన్నెండూ ఎనిమిదికి ధారలో ఒక సన్నని జీర కనిపించింది. ముందు లేతగా, తర్వాత చిక్కగా. చూస్తుండగానే నీళ్లు పచ్చగా, కళ్లు చెదిరేట్టు మెరుస్తూ మూతి నిండా వచ్చి, వాగులో తోకలా సాగాయి.

"అరగంట కిందట ఆ రంగు టీరూమ్ వెనక గదుల మరుగుదొడ్డిలో పోశాను," అంది శ్రీలేఖ ఇన్‌స్పెక్టరుతో, అందరికీ వినపడేట్టు. "అక్కడి మనుషులు పొదల్లోకి పోవడం లేదు. వాళ్లకి ఇచ్చిన మరుగుదొడ్లనే వాడుకుంటున్నారు. దాన్ని మడులకు కాకుండా ఈ గొట్టానికి కలిపింది వాళ్లు కాదు."

కిష్టసామి మాఖుమలో ఎదుట నిలబడ్డాడు. ఆమె కంటే అడుగు పొట్టి. జూలూలో, ఆగి ఆగి చెప్పాడు. గొట్టం వేసింది తనే అని. దీపం నీళ్ల కోసం అని. అందులో మలం కలుస్తుందని తనకు తెలియదని. తప్పు తనదేనని. చెబుతున్నంతసేపూ ఆమె అతని ముఖంలోకే చూసింది. చివర్న స్వెట్టరును ఇంకో చంకలోకి మార్చుకుంది, అంతే.

"చాలా బావుంది," అన్నాడు అంబీ. గొంతు పెంచలేదు. "గదులు కలిపింది నేనే. ఒప్పుకుంటున్నాను. ఇంజనీరు ఆమోదించిన లైను అది. ఆమోదం లేని గొట్టాన్ని నేనెందుకు ముట్టుకుంటాను?"

అట్టగొట్టంలోంచి ఒక పెద్ద షీటు లాగి, ఇన్‌స్పెక్టరు ముందు విప్పి పట్టుకున్నాడు.

శ్రీలేఖ దూరం నుంచే గుర్తుపట్టింది. డిసెంబర్లో పని ముగిసిన రోజు, కట్టింది కట్టినట్టుగా గీసిన నలభై షీట్లు. సాయంత్రం అయిదున్నర, వాన మబ్బు, గాలి. కారు బానెట్ మీద షీట్లు పరిచి, ఎగిరిపోకుండా కిష్టసామి మూలలు పట్టుకుంటే, ఆమె గబగబా ముద్రలు వేసి సంతకాలు చేసుకుంటూ పోయింది. చదవలేదు. గీసింది కిష్టసామి కదా, చదవడం ఎందుకు? ఆ షీట్లన్నీ నేరుగా టీరూమ్ బీరువాలోకి వెళ్లాయి. ఆమె దగ్గరున్నది పని మొదలుకాక ముందు గీసిన ప్లాను.

ఇది ముప్ఫై ఏడో షీటు. ఇరవై మూడు ఇళ్ల వెనక నుంచి, టీరూమ్ గోడ పక్కగా, వాగు దాకా నీలం సిరాతో తిన్నని గీత. పక్కనే కిష్టసామి దస్తూరీ, పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో: ల్యాంప్ వాటర్. అడుగున 'పరిశీలించాను, ఆమోదించాను' అన్న ముద్ర, పక్కన సంతకం.

నేను దాచలే బిడ్డా. గీసి... పొద్దున్న మైకు మోతలో కొట్టుకుపోయిన మాట ఇప్పుడు పూర్తిగా వినిపించింది.

మాఖుమలో ముందుకు వచ్చింది. ఆమెకు చదవడం రాదు. కొడవలి మొనతో షీటు అడుగున, ముద్ర మీద తట్టింది.

"ఇది ఎవరి పేరు?" అంది.

కిష్టసామి నేలకేసి చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. అంబీ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తెలియకుండా సంతకం పెట్టానని శ్రీలేఖ అనొచ్చు. కిష్టసామి చదవనివ్వలేదని అనొచ్చు. పక్కనున్న ముసలాయన ఆ మాట కాదనడని కూడా ఆమెకు తెలుసు.

"నాది," అంది శ్రీలేఖ.

మాఖుమలో ఆమెను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బావుండేది. తర్వాత వాగులో ఇంకా మెరుస్తున్న పచ్చటి తోకను చూసింది. కొడవలి భుజం మీద వేసుకుని, వెనక్కి తిరిగి, మడుల వైపు నడిచింది. ఆమె వెనక నలభై మంది ఆడవాళ్లు.

శ్రీలేఖ పరుగెత్తింది. గట్టు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. మడుల్లోకి దిగే దారి ఒక్కటే. ఆ దారికి అడ్డంగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. కుర్చీలో మ్యూరియెల్. ఎవరు మోసుకొచ్చారో, ఎప్పుడొచ్చిందో తెలియదు. ఒళ్లో పన్నెండేళ్ల నాటి రెల్లు చాప. చాపలో చుట్టిన దీపం, వత్తి లేకుండా.

మాఖుమలో ఆమెను చూసింది. అడుగుల వేగం మాత్రం తగ్గలేదు.